యుగాలు కాగితం మీద, పాట గొంతులో

సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రిలో కాకతీయుల నాటి శివాలయాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. అక్కడి శాసనాల్లో ఒకటి గణపతిదేవుడి కాలానిది, క్రీ.శ. 1208 నాటిది. ఆ మండపాల్లో అప్పట్లో పాట సాగే ఉంటుంది, మద్దెల మోగే ఉంటుంది, పాత్రలు ఆడే ఉంటారు. ఆటకు సాక్ష్యం ఉంది. గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయప 1253-54లో ‘నృత్తరత్నావళి’ రాసి ఏ కరణంలో కాలు ఎటు పెట్టాలో, చెయ్యి ఎలా తిప్పాలో చెప్పాడు. పాటకు మాత్రం సాక్ష్యం లేదు. ఆ సాయంత్రాల్లో వినిపించిన వరస ఏదో ఈనాడు ఏ విద్వాంసుడూ పాడి చూపలేడు.

అదే సమయంలో పారిస్‌లో నోత్ర్‌దామ్ అనే పెద్ద గుడి కడుతున్నారు. 1163లో మొదలైన పని ఇంకా సాగుతూనే ఉంది. అక్కడి గాయకుల్లో పెరోతాన్ అనే ఆయన నాలుగు గొంతులు ఒకేసారి నాలుగు వేర్వేరు వరసలు పాడే పద్ధతిని అల్లాడు. 1198లో ఆ ఊరి బిషప్ ఇచ్చిన ఉత్తర్వులో నాలుగు గొంతుల పాట ప్రస్తావన వస్తుంది. ఆ శతాబ్దంలోనే దాన్ని తోలు పుటల మీద ఎత్తి రాసుకున్నారు. ఆ రాతప్రతుల్లో ఒకటి ఫ్లోరెన్స్ గ్రంథాలయంలో ఉంది. దాన్ని చూసి ఇప్పటి గాయకులు పాడుతున్నారు, రికార్డులు వస్తున్నాయి.

ఎనిమిది వందల ఏళ్ళ కిందటి రెండు గుడులు. ఒకచోట రాయి మిగిలింది, ఒకచోట రాయీ పాటా రెండూ మిగిలాయి. పాశ్చాత్య సంగీత చరిత్ర గురించి నల్గొండ జిల్లా త్రిపురారం లాంటి ఊళ్ళో మాట్లాడుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. మధ్యయుగం, రెనసాన్స్, బరోక్, క్లాసికల్, రొమాంటిక్, ఆధునికం అని పాఠ్యపుస్తకాలు వరసపెట్టి చెప్పే యుగాలన్నీ ముందుగా కాగితం పెట్టిన భిక్ష. ఏ పాట ఏ ఏడాది ఎలా ఉందో రాసిపెట్టి ఉంటేనే పాతది ఎక్కడ ఆగింది, కొత్తది ఎక్కడ మొదలైంది అని గీత గీయగలం. తెలుగువాళ్ళ సంగీతానికి అలాంటి గీతలు గీయడం కష్టం. సంగీతం లేక కాదు, అది గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి వెళ్తూ దారిలో మారుతూ వచ్చింది కనక.

గీత గీసినవాడి పేరు కూడా చరిత్రలో ఉంది. ఇటలీలోని అరెట్సో ఊరి సన్యాసి గ్విడో, పదకొండో శతాబ్దం మొదట్లోవాడు. మఠంలో పిల్లలకు కీర్తనలు నేర్పడానికి పదేళ్ళు పడుతోందని విసుగెత్తి, అడ్డగీతల మీద, గీతల సందుల్లో స్వరాలు గుర్తుపెట్టే పద్ధతిని కుదురుపరిచాడు. ఒక లాటిన్ స్తోత్రంలో ఒక్కో పాదం ఒక్కో మెట్టు పైస్వరంతో మొదలవుతుందని గమనించి, ఆ పాదాల మొదటి అక్షరాలనే స్వరాల పేర్లుగా వాడాడు. ఈనాటి ‘దొ రె మి’ వంశవృక్షం అక్కడ మొదలవుతుంది. అలా నేర్పితే ఏడాది రెండేళ్ళలో గాయకుడు తయారవుతాడని గ్విడో ధీమాగా రాసుకున్నాడు.

స్వరాన్ని రాయడం మనవాళ్ళకు తెలియదనుకుంటే పొరపాటు. పుదుక్కోట దగ్గర కుడుమియాన్‌మలై కొండరాతి మీద ఏడో శతాబ్దంలోనే స్వరాలు చెక్కారు. ఆంధ్రుడని పరిశోధకులు చెప్పే సోమనాథుడు 1609లో ‘రాగవిబోధ’ రాశాడు. అందులో రాగాలకు వీణ వరసలు రాసి, మీటు ఎలా వెయ్యాలి, తీగను ఎలా లాగాలి అనేదానికి ఇరవైకి పైగా గుర్తులు పెట్టాడు. సరిగ్గా దానికి రెండేళ్ళ ముందు, 1607లో, ఇటలీలోని మాంటువాలో మాంటెవర్దీ ‘ఓర్ఫెయో’ అనే సంగీత నాటకం ఆడించాడు. ఒపేరా అనే ప్రక్రియలో ఇప్పటికీ తరచూ ఆడే మొట్టమొదటి పెద్ద రచన అదే. బరోక్ యుగానికి దాన్నే గుమ్మంగా చెబుతారు. రెండు దేశాల్లోనూ రాతగాళ్ళు ఉన్నారు. తేడా రాత అవసరంలో ఉంది. ఒక్క గొంతు పాడే రాగాన్ని జ్ఞాపకం మోయగలదు. నాలుగు గొంతులు నాలుగు దారుల్లో నడుస్తూ ఎక్కడ కలవాలో, ఎక్కడ విడిపోవాలో ముందే తేల్చుకోవాలంటే జ్ఞాపకం చాలదు, కాగితం కావాలి. అక్కడ రాత లేకపోతే సంగీతమే లేదు. ఇక్కడ రాత లేకపోయినా కచేరీ ఆగలేదు.

ఆ తేడాకు మూల్యం ఎంతో అన్నమయ్యను చూస్తే తెలుస్తుంది. 1501లో వెనిస్‌లో పెత్రూచీ అనే ముద్రాపకుడు లోహపు అచ్చులతో బహుగొంతుకల పాటల పుస్తకం ముద్రించాడు. సంగీత ముద్రణలో అదొక మలుపు. 1503లో తాళ్ళపాక అన్నమాచార్యుడు కన్నుమూశాడు. ఆయన సంకీర్తనలను కొడుకు, మనవడు రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో దాచారు. వెనిస్‌లోనూ తిరుమలలోనూ లోహాన్నే నమ్ముకున్నారు. కానీ రాగిరేకుల మీద పల్లవి ఉంది, చరణాలు ఉన్నాయి, పైన రాగం పేరు ఉంది, స్వరం లేదు. 1922లో ఆ రేకులు వెలుగులోకి వచ్చాక పన్నెండు వేల దాకా పాటలకు మాట దొరికింది, వరస దొరకలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, బాలమురళీకృష్ణ వంటి పెద్దలు మళ్ళీ స్వరపరిస్తేగాని అన్నమయ్య ఇంటింటికీ రాలేదు. ఈనాడు మనం వినే అన్నమయ్యలో సాహిత్యం పదిహేనో శతాబ్దానిది, సంగీతం ఇరవయ్యోది.

జర్మనీలో బాఖ్ కథ పక్కన పెట్టి చూడాలి. 1750లో ఆయన పోయాక ‘మత్తయి సువార్త శ్రమల గానం’ అనే పెద్ద రచన దాదాపు మూలపడింది. 1829లో బెర్లిన్‌లో మెండెల్సన్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాడు దాన్ని మళ్ళీ వినిపించాడు. కొంత కత్తిరించాడు, కొంత సర్దాడు, కాని పాడింది బాఖ్ రాసిన స్వరాలనే. అన్నమయ్యకు లేని అదృష్టం అది.

అయితే కాగితం ఉత్త పుణ్యానికి పనిచెయ్యదు. బాఖ్ ఆర్గన్ ముందు కూర్చుంటే అప్పటికప్పుడు అల్లి వాయించేవాడని పేరు. మోజార్ట్ తన పియానో కచేరీ రచనల్లో వాద్యగాడు మనోధర్మంతో నింపుకోవాలని కొన్ని చోట్లు ఖాళీగా వదిలాడు. తర్వాతి శతాబ్దంలో ఆ ఖాళీలు కూడా రాతతో నిండిపోయాయి. రాసింది రాసినట్టు వాయించడమే మర్యాద అయి కూర్చుంది. రాగాలాపన, నెరవు, స్వరకల్పన వింటూ పెరిగిన చెవికి ఆ నష్టం చిన్నదిగా అనిపించదు.

త్యాగరాజు పుట్టింది 1767లో, బీథోవెన్ 1770లో. శ్యామశాస్త్రి, బీథోవెన్ ఇద్దరూ పోయింది ఒకే ఏడాది, 1827లో. ఈ సమకాలికత గురించి సభల్లో చాలాసార్లు చెప్పారు. అంతకంటే ఆసక్తి కలిగించేది, ఆ రోజుల్లోనే ఇటువైపు వచ్చిపడిన తెల్లవాళ్ళ వరసలు. తంజావూరు రాజు శరభోజికి సొంత బ్యాండు ఉండేది. మద్రాసు కోటలో కంపెనీ సైన్యం బ్యాండు వాయించేది. ఆ వరసలు విన్న ముత్తుస్వామి దీక్షితులు వాటికి సంస్కృత సాహిత్యం కట్టి నలభై దాకా చిన్న రచనలు చేశారు. వాటినే నోట్టుస్వరాలంటారు. ఇంగ్లండు రాజుగారి గీతం వరసకు కట్టిన ‘సంతతం పాహిమాం’ అందులోదే. శంకరాభరణం మెట్ల మీదే నడుస్తుంది గాని అందులో గమకం ఉండదు. స్వరం నిటారుగా నిలబడుతుంది. త్యాగరాజు ‘వరలీల గానలోల’లోనూ అదే నడక కనిపిస్తుంది. ఆ తర్వాత పట్నం సుబ్రహ్మణ్యయ్యర్ కదనకుతూహలంలో ‘రఘువంశసుధ’ చేశాడు. ఈనాటికీ వయొలిన్ మీద అది మొదలయితే సభ కదులుతుంది, అందులో బ్యాండు తాలూకు ఉషారు ఉంది కనక.

యూరప్ నుంచి వచ్చిన వరుస పాఠ్యపుస్తకం వరుస కాదు. క్లాసికల్ యుగం నాటి బ్యాండు ముందు వచ్చింది. బరోక్ యుగంలో క్రెమోనా పనివాళ్ళు తీర్చిదిద్దిన వయొలిన్ దాని వెంట వచ్చింది. రెనసాన్స్ నాటి మూలాలున్న క్రైస్తవ కీర్తన వరస ఇంకా తర్వాత జిల్లాల్లోకి చేరింది. రొమాంటిక్ యుగం పెళ్ళి ఊరేగింపులో నడిచి వచ్చింది.

వయొలిన్ సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఒక తెల్ల వాద్యగాడి దగ్గర దాన్ని నేర్చుకున్నాడు. మనవాళ్ళు ఆ వాద్యాన్ని తీసుకుని దాని సంగీతాన్ని గుమ్మం బయటే వదిలేశారు. నిలబడి గడ్డం కింద పెట్టుకునేదాన్ని నేలమీద కూర్చుని, చివరి మెలికను చీలమండ మీద ఆనించుకున్నారు. ఎడమచెయ్యికి దాన్ని మోసే పని తప్పింది. దాంతో వేళ్ళు తీగ మీద జారడానికి, ఊగడానికి స్వేచ్ఛ వచ్చింది. నాలుగు తీగల శ్రుతినీ స-ప-స-ప అని మార్చుకున్నారు. కమాను, పెట్టె ఆకారం రెండూ యూరప్‌వే. పలికేది మాత్రం తోడి.

తెలుగునేలలో ఆ వాద్యానికి పెద్ద పేరు ద్వారం వెంకటస్వామి నాయుడు. 1893లో పుట్టారు. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్, నాయుడుగారు వయొలిన్ అధ్యాపకుడు. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన కమాను పనిలో ఉన్న నిండుదనం, నాదశుద్ధి చూసి పాశ్చాత్య వాద్యకారులు సైతం చెవి ఒగ్గారు. 1952లో మద్రాసులో జస్టిస్ పి.వి. రాజమన్నార్ ఇంట్లో యెహూదీ మెనుహిన్ ఆయన వాయిద్యం విని మెచ్చుకున్నారు. బాఖ్ సోలో రచనలను పదేపదే వాయించి ప్రపంచమంతా వినిపించిన మెనుహిన్‌కు అదే వాద్యంలో మరో భాష వినిపించి ఉంటుంది.

ఇక నల్గొండ, సూర్యాపేటల వైపు. 1889లో అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు రష్యా సామ్రాజ్యంలోని జర్మన్ మెన్నొనైట్ పల్లెల నుంచి బయలుదేరి వచ్చి నల్గొండలో మిషను పెట్టారు. అమెరికన్ బాప్టిస్టు మిషను తరఫున వచ్చిన ఈ రష్యా జర్మన్లు తర్వాత సూర్యాపేట, జనగామ, భువనగిరిల్లోనూ కేంద్రాలు తెరిచారు. వాళ్ళ ఊళ్ళలో పాటకు అయిదు గీతల లిపి కాదు, అంకెల లిపి వాడేవారు. స-రి-గ-మలకు బదులు 1, 2, 3, 4. హైన్‌రిఖ్ ఫ్రాంజ్ అనే బడిపంతులు కూర్చిన అంకెల కీర్తనల పుస్తకం 1860లో అచ్చయింది. అంకెలతో స్వరాలు రాయాలన్న ఆలోచనను 1742లో పారిస్ అకాడమీ ముందు పెట్టినవాడు రూసో. ఆ తత్వవేత్త మాట రాజధానిలో చెల్లలేదు గాని నల్లసముద్రం పక్క పల్లెల్లో చెల్లింది. రైతులు నాలుగు గొంతుల కీర్తనను అంకెలు చూసి పాడేవారు.

తెలుగు చర్చి ఆ అంకెలనూ తీసుకోలేదు, గీతలనూ తీసుకోలేదు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉంటాయి. దాదాపు రాగిరేకుల పద్ధతే. పురుషోత్తమ చౌదరి వంటి కవులు బిలహరి, మోహన, ఆది, రూపకం అంటూ కట్టిన కీర్తనలవి. ఆ పక్కనే లూథర్ సంప్రదాయం నుంచి, ఇంగ్లీషు నుంచి వచ్చిన వరసలకు తెలుగు మాట తొడిగిన పాటలూ ఉంటాయి. ఒకే ఆదివారం ఒకే గుంపు ఈ రెండూ పాడుతుంది. ఈ ప్రాంతంలో చాలామందికి పాశ్చాత్య సంగీతంలో మొదటి పాఠం చర్చి బల్లల మీదే దొరికింది, దాన్ని వాళ్ళు సంగీత శిక్షణ అని ఎన్నడూ అనుకోలేదు.

హార్మోనియం దారి వేరు. 1840ల్లో పారిస్‌లో డెబాన్ తయారుచేసిన కాలితొక్కుడు పెట్టె, ఆ శతాబ్దం చివర కలకత్తాలో చేతితో ఊదే పెట్టెగా మారి, రైలెక్కి, బండెక్కి పద్యనాటకం రంగస్థలం పక్కకు చేరింది. పియానో రాలేదు. దాని బరువుకు బండి చాలదు, ఇక్కడి ఎండకు దాని శ్రుతి నిలవదు. ‘సత్యహరిశ్చంద్ర’ కాటి సీను పద్యం హార్మోనియం లేకుండా ఊహించడం కష్టం. చిక్కేమిటంటే ఆ పెట్టెలో స్వరస్థానాలు బిగించేసి ఉంటాయి. ఏ శ్రుతిలో మొదలుపెట్టినా పలికేలా స్వరాల మధ్య దూరాన్ని సర్దిపుచ్చడం యూరప్‌లో రెండు మూడు శతాబ్దాల తగాదా. 1722లో బాఖ్ ఇరవైనాలుగు శ్రుతుల్లోనూ రచనలు కూర్చి ఆ సర్దుబాటుతో ఎంత పని సాధించవచ్చో చూపాడు. ఆ సర్దుబాటు మరికాస్త ముదిరి, స్వరాల మధ్య దూరాలన్నీ సమానమై హార్మోనియం మెట్ల దాకా వచ్చింది. అందుకే గమకం పలకదని, మన శ్రుతికి పొసగదని 1940లో ఆకాశవాణి దాన్ని వెలివేసింది. సడలించడానికి మూడు దశాబ్దాలు పట్టింది. ఆ ముప్పయ్యేళ్ళూ పల్లెల్లో నాటకాలు మాత్రం హార్మోనియంతోనే ఆడాయి. పెట్టె నిటారు స్వరం పట్టుకుని ఉంటే, పద్యం పాడే నటుడు దాని చుట్టూ గమకం తిప్పుకునేవాడు. ఢిల్లీ ఉత్తర్వు కంటే ఆ నటుడి పరిష్కారమే తెలివైనది.

మిర్యాలగూడలోనో కోదాడలోనో పెళ్ళి ఊరేగింపు ముందు నడిచే బ్యాండు మేళాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ట్రంపెట్‌కున్న మూడు మీటల వాల్వు ఏర్పాటు 1810ల్లో జర్మనీలో పుట్టింది. అంతకుముందు ఇత్తడి బూరకు కొన్ని స్వరాలే పలికేవి. సాక్సోఫోన్‌కు అడాల్ఫ్ సాక్స్ పేటెంటు 1846లోది. వాగ్నర్, బెర్లియోజ్ తమ భారీ ధ్వని కోసం వాడుకున్న ఇత్తడి సామగ్రి, సైన్యం దారిన కంటోన్మెంట్లకు వచ్చి, సికింద్రాబాదు లాంటి చోట్ల నుంచి ఊళ్ళకు దిగింది. వాయించేది సినిమా పాటే. అయినా అందులో ఒకళ్ళు పైవరస, మరొకళ్ళు కిందివరస పట్టుకుని, లావు బూర ఆధారస్వరం వేస్తూ ఉంటుంది. ఎవరూ కాగితం చూడరు. నాలుగు గొంతులకు కాగితం తప్పదన్న యూరప్ నియమాన్ని ఈ మేళాలు అభ్యాసంతోనే దాటేశాయి. మన శాస్త్రజ్ఞులు పట్టించుకోని సంగతి ఇది.

ఇరవయ్యో శతాబ్దం గురించి తొందరగానే చెప్పుకోవచ్చు. అక్కడ యుగం అన్నమాటే చీలికలయింది. 1913లో పారిస్‌లో స్ట్రావిన్‌స్కీ ‘వసంత క్రతువు’ మొదటి ప్రదర్శనలో గొడవ జరిగింది. షోన్‌బర్గ్ ఆధారషడ్జమనే ఊహనే తీసేశాడు. తెలుగు చెవికి అది మింగుడుపడలేదు, పడవలసిన పనీ లేదు. కాని అదే పారిస్‌లో చర్చి ఆర్గన్ వాయించే ఒలివియె మెస్సియాన్, శార్ఙ్గదేవుడి ‘సంగీత రత్నాకరం’లోని నూట ఇరవై దేశీతాళాల పట్టికను ఒక ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వంలో చూసి పట్టుకున్నాడు. 1949లో మొదటిసారి వినిపించిన తన ‘తురంగలీల’ సింఫనీలో ఆ లయలను వాడుకున్నాడు. శార్ఙ్గదేవుడు దేవగిరి యాదవుల ఆస్థానంవాడు, జాయపకు సమకాలికుడు. దక్కనులో రాసిపెట్టిన తాళం ఏడు వందల ఏళ్ళకు ఫ్రెంచి సంగీతంలో మోగింది. రాసిపెట్టారు కనకే.

సినిమా పాట ద్వారా మనకు వచ్చిన పాశ్చాత్యం ఎక్కువగా బరోక్, రొమాంటిక్ రంగులదే. ఇళయరాజా 1986లో ‘హౌ టు నేమ్ ఇట్’ అనే వాద్యసంగీతపు ఆల్బంను బాఖ్‌కు, త్యాగరాజుకు అంకితమిచ్చారు. అందులో బాఖ్ వయొలిన్ రచన కర్ణాటక రాగాలతో మాటామాటా కలుపుతుంది. 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఆయన సింఫనీని మొదటిసారి వినిపించింది. ఆయన పాటలు విన్న తెలుగు శ్రోత వయొలిన్ల గుంపు, చెలో కిందివరస, వేణువు ఎదురువరసలను పేర్లు తెలియకుండానే పోల్చుకోగలడు.

తెలుగులో రాతకు పూనుకున్న మనిషి గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. వయొలిన్ నేర్చిన బాలుస్వామి దీక్షితులకు కూతురి కొడుకే దత్తపుత్రుడు, సుబ్బరామ దీక్షితులు. 1904లో ఎట్టయాపురం సంస్థానంలో ఆయన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అచ్చువేశాడు. తెలుగు లిపిలో, తెలుగు వివరణతో పదిహేడు వందల పేజీల దాకా ఉంటుంది. వెంటపడి రాయించినవాడు చిన్నస్వామి మొదలియారు. ఆయన క్రైస్తవుడు, అయిదు గీతల లిపి తెలిసినవాడు, మన కీర్తనలను ఆ లిపిలోకి ఎక్కిస్తూ 1890ల్లోనే పుస్తకం తెచ్చినవాడు. ఇద్దరి మధ్య తేలిన సత్యం ఏమిటంటే, స్వరం ఒక్కటే రాస్తే మన పాట సగమే దొరుకుతుంది. అందుకని ‘ప్రదర్శిని’లో స్వరాక్షరం నెత్తిన గుర్తులు కనిపిస్తాయి. అలలా వంకర గీత కంపితం, పైకెగసిన ఏటవాలు గీత ఏట్రజారు, కిందికి దిగింది ఇరక్కజారు, ఇంకా నొక్కు, స్ఫురితం, రవ, వళి. సోమనాథుడు వీణకు చేసింది ఈయన కీర్తనకు చేశాడు. దీక్షితుల కీర్తన అసలు నడక ఎలా ఉండేదని ఈనాడు ఎక్కడ వాదన వచ్చినా పందెం ఆ తెలుగు పేజీల మీదే తేలుతుంది.

సుబ్బరామ దీక్షితులు చేసిన పనిలో వెయ్యో వంతైనా ఈ చుట్టుపక్కల చేయాల్సి ఉంది. బ్యాండు మేళంలో కిందివరస నోటికొచ్చిన వాద్యగాళ్ళు, నాటకాల హార్మోనిస్టులు, చర్చిలో పాత కీర్తనల అసలు వరస తెలిసిన వృద్ధులు, వీధిభాగోతం దరువులు పాడేవాళ్ళు వయసు మీరిపోతున్నారు. వాళ్ళకు వచ్చింది ఏ పుస్తకంలోనూ లేదు. త్రిపురారం, నిడమనూరు, హాలియా పిల్లల చేతుల్లో ఇప్పుడు ఫోను ఉంది. ఆ పెద్దల దగ్గర కూర్చుని రికార్డు చెయ్యండి. పాట పేరు, పాడినవారి పేరు, నేర్పిన గురువు, ఊరు, తేదీ ఒక నోటుబుక్కులో రాయండి. సరిగమలు వచ్చిన సంగీతం పంతులు దొరికితే స్వరం కూడా వేయించండి. ఒక ప్రతి ఊరి గ్రంథాలయంలో పెట్టండి.